ఖాళీ జాగా డైరెక్టరు

మా తమ్ముడు డెల్బర్ట్ యాభై మూడేళ్ల వయసులో కళల మీద పడ్డాడు. అంతకుముందు వాడు కళల జోలికి వెళ్లిన దాఖలా ఒక్కటీ లేదు. బళ్లో డ్రాయింగ్ టీచరమ్మ వాడు గీసిన గుర్రాన్ని చూసి, "ఇదేంట్రా, ఇస్త్రీ బల్లా?" అని అడిగింది. ఆ తర్వాత వాడు పెన్సిలు ముట్టలేదు. పెద్దయ్యాక టౌన్లో హైవే పక్కన దుకాణం పెట్టి కార్పెట్లు అమ్మాడు. అవి కూడా తెల్లవి. గాలి వీచిన ప్రతిసారీ సగం ఎడారి ఇంట్లోకి వచ్చి కూర్చునే చోట ఇరవై ఏళ్లపాటు తెల్ల కార్పెట్లు అమ్మి బతికాడంటే వాడి నోటికి ఎంత బలముందో మీరే ఊహించుకోండి.

నోరు తప్ప వాడికి ఇంకేమీ లేదు. ఆ నోటికి లొంగే షార్లీన్ వాణ్ణి పెళ్లి చేసుకుంది. ఆ నోరు భరించలేకే ఆరిజోనాలో ఉన్న తన చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. జనం ఇళ్లలో టైల్స్ వేయించుకోవడం మొదలుపెట్టాక దుకాణం కూడా మూతపడింది. అమ్ముడుపోని కార్పెట్ చుట్టలన్నీ ట్రక్కులో వేసుకుని మా నాన్న జాగాకి వచ్చి పడ్డాడు.

నాన్న జాగా అంటే, ఎవరికీ అక్కర్లేని ఎడారిని ప్రభుత్వం అడిగినవాడికల్లా ఐదేసి ఎకరాలు పంచిన కాలంలో ఆయన తీసుకున్నది. ఒక గది కట్టి చూపిస్తే చాలు, నేల సొంతం. నాన్న ఒక గది కట్టాడు. అమ్మ పేరు మీద పక్కనే ఇంకో ఐదెకరాలు తీసుకుని అక్కడా ఒక గది కట్టాడు. బడి వంటగదిలో పని మానేసిన దగ్గర్నుంచి అమ్మ భాగంలో నేనుంటున్నాను. నాన్న భాగంలోకి డెల్బర్ట్ వచ్చాడు. మధ్యలో కంచె లేదు. ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ ఏడు వసంతకాలంలో సస్కియా అనే ఫోటోగ్రాఫర్ లాస్ ఏంజెలెస్ నుంచి వస్తూ మా దారిలో కారు ఇసుకలో దింపేసుకుంది. హోయ్ట్ వెళ్లి లాగాడు. హోయ్ట్ మా దారి చివర ఉంటాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. మా దగ్గర ఎవరికీ లేని ట్రాక్టరు ఆయనకుంది, ఎవరికీ అక్కర్లేని అభిప్రాయాలూ ఉన్నాయి. కారు బయటికొచ్చింది గానీ సస్కియా వెళ్లలేదు. డెల్బర్ట్ పెరట్లో విరిగిన వాషింగ్ మెషీను, తుప్పు పట్టిన స్నానాల తొట్టి, ఎండకు పసుపు రంగు తిరిగిన కార్పెట్ చుట్టలు చూసి కెమెరా తీసింది. వాడి పాత ట్రైలర్లో పడుకుంటూ మూడు వారాలు ఆ తుక్కునే ఫోటోలు తీసింది. వెళ్తూ వెళ్తూ, "డెల్, నీ దగ్గర ఎంత ఖాళీ ఉందో నీకు తెలీడంలేదు. దీనికోసం మావాళ్లు ప్రాణాలిస్తారు," అంది.

అంతే. ఆ సాయంత్రమే వాడు నా వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"అక్కా, మన దగ్గర ఖాళీ ఉంది."

"ఉంది. నాన్న రోజుల్నుంచీ ఉంది. అందులో గడ్డి కూడా మొలవలేదు."

"అది కాదే. సిటీలో ఖాళీ లేదు. ఆర్టిస్టులకి ఖాళీ కావాలి. వచ్చి నెల్రోజులు ఉంటారు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు, పోతారు."

"తెల్ల కార్పెట్లు అయిపోయాయా ఒరేయ్? ఇప్పుడు వట్టి నేల అమ్ముతావా?"

"అమ్మనక్కా. ఆతిథ్యం ఇస్తా."

"ఊరికేనా?"

"ఊరికే అంటే... వాళ్లు ఎంతో కొంత ఇస్తారు."

"మరి అమ్మడమంటే ఏంట్రా?"

జవాబు చెప్పలేని ప్రశ్న అడిగితే పైకి చూసి కళ్లు చిట్లించడం వాడు అప్పుడే నేర్చుకున్నాడు. తర్వాత్తర్వాత అందులో ఆరితేరాడు.

రెండేళ్లలో ఆ జాగాకి ఒక గేటు వచ్చింది. కంచె లేదు, ఒట్టి గేటు. దాని మీద "నేల వింటోంది" అని రాసిన బోర్డు. హోయ్ట్ ఆ బోర్డు చదివి, "వింటే విననీ. నా కుక్క రోజూ పొద్దున్నే ఇక్కడే మాట్లాడి పోతుంది," అన్నాడు. ఎవరెవరో పారేసిన ట్రైలర్లు నాలుగు ఈడ్చుకొచ్చి నాలుగు దిక్కుల్లో నిలబెట్టాడు. కార్పెట్లు కత్తిరించి కుట్టించి మధ్యలో పెద్ద పందిరి వేశాడు. పందిరి కింద పొడవాటి బల్లలు. మూలగా ఒక బక్కెట్ మరుగుదొడ్డి, పక్కన రంపపు పొట్టు బస్తా. ఆ పద్ధతికి "నేలకు తిరిగి ఇవ్వడం" అని పేరు పెట్టాడు. తిరిగి ఇచ్చే గొయ్యి మాత్రం హోయ్ట్ తవ్వేవాడు. మా డెల్బర్ట్ పేరు "డెల్" అయింది. మెళ్లో ఒక రాయి, నెత్తి మీద గడ్డి టోపీ. ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, "డైరెక్టర్ని" అనేవాడు.

రోజూ పొద్దున్నే అందర్నీ చెప్పుల్లేకుండా గుండ్రంగా నిలబెట్టి నేలను వినమనేవాడు. నేల నిండా పల్లేరు కాయలు. వాళ్లు "ఆహ్" అంటే నేలతో బంధం కుదిరిందని వాడు తలాడించేవాడు. వాడి అరికాళ్లకు మాత్రం ఎవరికీ కనబడని పల్చటి అట్ట అంటించి ఉండేది, నాకు తెలుసు, ఆ అట్ట నా పాత డోర్‌మ్యాట్‌లోంచి కోసుకుపోయాడు.

ఇక వచ్చినవాళ్ల సంగతి. ఒకావిడ తన జుట్టు కత్తిరించి జాగా నాలుగు మూలలా పాతింది. నాలుగో మూల ఎక్కడుందో వెతుక్కుంటూ నా బట్టలారేసే తీగ దగ్గరికి వచ్చేసింది. షికాగో నుంచి వచ్చిన ఒకాయన రోజూ ఒక కుర్చీని గేటు నుంచి వాగు దాకా ఈడ్చుకెళ్లి, మళ్లీ ఈడ్చుకొచ్చేవాడు. ఎందుకయ్యా అంటే కుర్చీ కాళ్లు అరిగిపోవాలి అన్నాడు. గాలి చప్పుడు రికార్డు చేస్తానని వచ్చిన ఇంకో మనిషి, ఇక్కడ గాలి మరీ ఎక్కువని మూడో రోజే వెళ్లిపోయాడు. వీళ్లందరికీ వండింది నేనే. పింటో బీన్స్, మొక్కజొన్న రొట్టె, ఉల్లిపాయ. బడిపిల్లలకు వండినట్టే వండాను. తేడా ఏంటంటే పిల్లలు బీన్స్ బాగోలేకపోతే బాగోలేదనేవాళ్లు. వీళ్లు "ఇందులో నిజాయితీ ఉంది" అనేవాళ్లు.

శనివారం శనివారం పందిరి కింద అందరికీ భోజనం అని డెల్బర్ట్ పెట్టాడు. చుట్టుపక్కల వాళ్లమంతా వెళ్లేవాళ్లం. మమ్మల్నీ ఏమంత పొగడక్కర్లేదు. హైవే మీది బారు కాలిపోయాక మాకు కూర్చోడానికి వేరే చోటు లేదు, అందుకే వెళ్లాం. కడుపు నిండా తిని, వాళ్ల వెనక వాళ్ల మీద నవ్వుకుని ఇంటికొచ్చేవాళ్లం. కానీ డెల్బర్ట్ ఆ బల్లల చివర నిలబడి చేతులు చాచి, "ఇదీ మన సముదాయం!" అనేవాడు. అరవై ఏళ్లుగా ఒకరి ఇంటికి ఒకరం చక్కెర అప్పుకి వెళ్తున్నాం. వీడు పేరు పెట్టేదాకా మేము సముదాయం కాదన్నమాట.

"ఈ నేల ఎవరిదీ కాదు," అని కూడా అనేవాడు ప్రతి శనివారం. "మనం దాని అతిథులం. వచ్చినవాణ్ణి వెళ్లమనే హక్కు మనకు లేదు."

ఈ మాటని చెవిన పెట్టుకున్న మనిషి ఒక్కడే. ఆయన పేరు ఆంబ్రోస్.

ఆంబ్రోస్ ఫిబ్రవరిలో పాత వ్యానులో వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఫ్రెస్నోలో సూపర్ మార్కెట్లో మాంసం కొట్టే పని చేసి రిటైరయ్యాడు. ఆయన అద్దెకున్న ఇంటిని ఓనర్లు అమ్మేస్తే వ్యానులోకి మారాడు. వెంట పికిల్ అనే ముసలి ఆడకుక్క, ఒక కన్ను తెల్లబడిపోయింది. ఆయన ప్లైవుడ్ ముక్కల మీద కుక్కల బొమ్మలు వేస్తాడు. కుక్కలే వేస్తాడు, ఇంకేం వేయడు. ఆ బొమ్మలు బాగుంటాయని నేను చెప్పను. అన్ని కుక్కలూ ఒకేలా ఉంటాయి, నాలుగు కాళ్లూ ఒకే వైపు ఉంటాయి, మొహాలు మాత్రం మునిసిపాలిటీ ఆఫీసులో క్యూలో నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి. డెల్బర్ట్ అవి చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"ఇతను చదువుకోని కళాకారుడక్కా! స్వచ్ఛమైనవాడు! ఇలాంటివాడు మనకి కావాలి."

"చదువుకోకపోవడమే గొప్పయితే హోయ్ట్‌కి ఒక ట్రైలర్ ఇవ్వరా."

ఆంబ్రోస్‌కి తూర్పు ట్రైలర్ ఇచ్చాడు. మొదటి శనివారం హోయ్ట్ తన కుక్క ఫోటో ఒకటి తెచ్చి, మొహమాటంగా బల్ల మీద పెట్టాడు. "ఇది పోయి రెండేళ్లయింది. వేస్తారా?" అని అడిగాడు. ఆంబ్రోస్ ఫోటో చాలాసేపు చూశాడు. "చెవులు ఇలాగే ఉండేవా?" అన్నాడు. "ఒకటి కొంచెం కిందికి," అన్నాడు హోయ్ట్. వారం తిరక్కుండా బొమ్మ వచ్చింది. రెండు చెవులూ పైకే ఉన్నాయి. హోయ్ట్ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, ట్రాక్టరెక్కి ఇంటికి పోయాడు. తన అభిప్రాయం చెప్పకుండా హోయ్ట్ వెళ్లిపోవడం నేను అదే చూడ్డం.

ఇక చూసుకోండి. మా దగ్గర మనుషులకంటే కుక్కలెక్కువ. బతికినవీ చచ్చినవీ కలిపి ప్రతివాళ్లూ ఫోటోలు పట్టుకుని వచ్చారు. ఆంబ్రోస్ అందర్నీ కూర్చోబెట్టి ఆ కుక్క ఏం తినేది, ఎవర్ని కరిచింది, ఎక్కడ పడుకునేది అని అడిగేవాడు. ఎంత విన్నా బొమ్మ మళ్లీ అలాగే వచ్చేది. దాని గురించి ఎవరికీ పట్టలేదు.

నెల అయిపోయింది. ఆంబ్రోస్ కదల్లేదు.

డెల్బర్ట్ ముందు వీడ్కోలు సభ పెట్టాడు. అందరం గుండ్రంగా కూర్చున్నాం. ఒక్కొక్కరూ ఆంబ్రోస్ ఈ నేలకు ఏమిచ్చాడో చెప్పాలట. చెప్పారు. డెల్బర్ట్ కళ్లు తుడుచుకుని, "దారులు మనల్ని కలుపుతాయి, దారులే మనల్ని పంపుతాయి," అన్నాడు. అంతా అయ్యాక ఆంబ్రోస్ చెయ్యెత్తాడు.

"చాలా సంతోషం బాబూ. ఇంతకీ నేను ఏ ట్రైలర్లోకి మారాలి?"

"మారడం కాదండీ... ఈ మజిలీ పూర్తయింది కదా."

"దేనికి పూర్తయింది?"

"నెల అయింది కదండీ. సోమవారం న్యూయార్క్ నుంచి నాట్యం చేసేవాళ్లు ఇద్దరు వస్తున్నారు. తూర్పు ట్రైలర్ వాళ్లకి."

"అలాగే. నేను పందిరి కింద పడుకుంటాను. నాకూ పికిల్‌కీ పెద్ద జాగా అక్కర్లేదు."

"అలా కుదరదండీ, కొన్ని పద్ధతులుంటాయి..."

ఆంబ్రోస్ తన స్వభావానికి తగ్గట్టు మెల్లగా, "నువ్వే కదయ్యా ఈ నేల ఎవరిదీ కాదన్నావు? నేను నిజమే అనుకున్నాను," అన్నాడు.

ఎగతాళిగా అన్నది కాదు. నిజంగానే అడిగాడు. మా డెల్బర్ట్ పైకి చూసి కళ్లు చిట్లించాడు. ఆకాశంలో ఏమీ లేదు. "నియమాలున్నాయండీ," అన్నాడు చివరికి, కార్పెట్ దుకాణంలో సరుకు వాపసు తెచ్చినవాళ్లతో మాట్లాడే గొంతుతో. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ విన్నాను.

మర్నాడు ఆంబ్రోస్ ట్రైలర్ ఊడ్చి, దుప్పటి మడిచి, వ్యాను నడుపుకుంటూ రోడ్డు దాటి అవతల ఆపాడు. రోడ్డుకి అవతలంతా ప్రభుత్వ భూమి. అక్కడ ఎవరైనా రెండు వారాలు ఉండొచ్చు, ఆ తర్వాత లేవాలి. అయితే ఆ లెక్క చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. వ్యాను పక్కన ఒక గుడ్డ కట్టి, దాని కింద కూర్చుని బొమ్మలు వేసుకోసాగాడు.

ఆ శనివారం నేను బీన్స్ గిన్నె పట్టుకుని పందిరికి వెళ్తే బల్లలు ఖాళీగా ఉన్నాయి. జనమంతా రోడ్డు అవతల ఉన్నారు. హోయ్ట్ తన ట్రాక్టరు తొట్టెలో కుర్చీలు వేసుకుని తెచ్చాడు. నేనూ గిన్నెతో రోడ్డు దాటాను. ఇవతల న్యూయార్క్ నాట్యగాళ్లిద్దరూ ఎండలో ఒకరి చుట్టూ ఒకరు నెమ్మదిగా దొర్లుతున్నారు. చూసేవాడు డెల్బర్ట్ ఒక్కడే.

చీకటి పడకముందే వాడు నా ఇంటికొచ్చాడు.

"నువ్వు కూడానా అక్కా?"

"నేను కూడా ఏంట్రా?"

"ఆ బీన్స్ నా కార్యక్రమానికి."

"బీన్స్ నావి. కార్యక్రమం నీది. జనం ఎక్కడుంటే బీన్స్ అక్కడికి పోతాయి."

"నేను ఆరేళ్లు కష్టపడి ఈ చోటు కట్టానక్కా. ఆ ముసలాయన ఒక గుడ్డ కట్టి కూర్చున్నాడు. అందరూ అక్కడికే! అది న్యాయమా?"

"ఆయన మీ నేలకు బంధువో కాదో నాకు తెలీదు గానీ, నా కుక్క ఏం తినేదని అడిగాడు. నువ్వు అడిగావా ఎప్పుడైనా?"

"నీకు కుక్క ఎప్పుడుంది?"

"చూశావా!" అన్నాను. మా కుక్క పదకొండేళ్లు వాడి దుకాణం ముందే పడుకునేది.

ఏప్రిల్ దాకా అలాగే జరిగింది. ఒక మంగళవారం ఆ ప్రభుత్వ భూమిని చూసుకునే రేంజర్ వచ్చింది. మంచి పిల్ల, టోపీ తీసి మాట్లాడింది. రెండు వారాలు ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి ఆంబ్రోస్ అక్కణ్ణుంచి పాతిక మైళ్ల అవతలికి వెళ్లాలంది.

"ఇన్నాళ్లూ రాలేదు, ఇప్పుడే ఎందుకమ్మా?" అని అడిగాను.

"ఫిర్యాదు వచ్చిందండీ. రాకపోతే మేం ఇటు చూసేవాళ్లం కూడా కాదు. వచ్చాక ఊరుకోకూడదు."

"ఎవరు చేశారు?"

"అది చెప్పకూడదు." ఆమె కాస్త తటపటాయించి, నవ్వు ఆపుకుంటూ, "కానీ ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడూ వినలేదు. ఆయన నేలతో సరైన సంబంధం లేకుండా ఉంటున్నాడట," అంది.

ఈ లోయ మొత్తంలో అలా మాట్లాడే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆమెకు ఆ సంగతి తెలీదు, నాకు తెలుసు.

నేరుగా పందిరి కిందకి వెళ్లాను. డెల్బర్ట్ కొత్తగా వచ్చినవాళ్లకి తేనె వేసిన టీ పోస్తున్నాడు.

"ఒరేయ్ డెల్బర్ట్! నేలతో సరైన సంబంధం అంటే ఏంట్రా?"

వాడు టీ పోయడం ఆపాడు. "అక్కా, వీళ్ల ముందు వద్దు..."

"వీళ్ల ముందే చెప్పు. డెబ్బై దాటిన ముసలాణ్ణి, గుడ్డి కుక్కని రోడ్డు పక్కనుంచి కూడా తరిమించావు. ఏ నోటితో రేపు పొద్దున్నే నేలను వినమంటావురా? వింటే అది నీ గురించే చెబుతుంది."

"నియమం నియమమే కదక్కా. పర్యావరణం..."

"నీ మొహం పర్యావరణం! ఆ ముసలాయనకి హోయ్ట్ రోజూ రెండు బక్కెట్ల నీళ్లు మోసుకెళ్లి ఇవ్వడమా పర్యావరణం? నీ పందిరి ఖాళీగా ఉంది, నీ కడుపు మండింది. అది చెప్పు."

కొత్తగా వచ్చినవాళ్లలో ఒకమ్మాయి తన పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. "ఏంటి రాస్తున్నావ్?" అన్నాను. "ఇది చాలా శక్తిమంతంగా ఉంది," అంది. ఆ మాట విన్నాక మాట్లాడ్డానికి నాకు ఓపిక లేకపోయింది. వచ్చేశాను.

ఆంబ్రోస్ ఎండు సరస్సు అంచుకి వెళ్లిపోయాడు. అక్కడ నీడ లేదు, ఫోన్ కలవదు. మొదటి శనివారం మేము నాలుగు బళ్లలో వెళ్లాం. రెండో శనివారం రెండు బళ్లు. ఆ తర్వాత పెట్రోలు, మోకాళ్లు, మనవడి బేస్‌బాల్ ఆట. పాతిక మైళ్లు అనేసరికి మా ప్రేమలన్నీ ఆవిరైపోయాయి. ఇంటింటా గోడ మీద ఆయన వేసిన కుక్క వేలాడుతూనే ఉంది. సముదాయం అనే మాట విని నేను నవ్వేదాన్ని గదా. ఆ మాటకి మేము కూడా తగినవాళ్లం కాదని ఆ జూన్లో తేలిపోయింది.

ఎండలు ముదిరాయి. ఆర్టిస్టులంతా, నేలతో ఎంత బంధం కుదిరినా సరే, సముద్రం దగ్గరికి చేరుకున్నారు. ప్రతి ఏడూ అంతే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేల ఏం చెప్పినా వినేవాడు ఉండడు. డెల్బర్ట్ ఒక్కడే ఆ ఒంటి గదిలో నీళ్ల కూలర్ ముందు కూర్చునేవాడు. మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం.

జులైలో ఒక మధ్యాహ్నం తలుపు కొట్టాడు. మెళ్లో రాయి లేదు, టోపీ లేదు.

"నీ దగ్గర ఐస్ ఉందా అక్కా?"

"నీ కూలర్ ఏమైంది?"

"బానే ఉంది. ఐస్ ఉందా లేదా?"

బయటికి తొంగి చూస్తే ట్రక్కులో నీళ్ల క్యాన్లు, తడి తువ్వాళ్లు ఉన్నాయి. ఎక్కడికని అడగలేదు. ఉన్న ఐసంతా పెట్టెలో వేసి నేనూ ఎక్కాను. దారి పొడుగునా వాడు ఒక్క మాట మాట్లాడలేదు. రేడియో కూడా పెట్టలేదు. వాడికి జ్వరం వచ్చిందేమో అనుకున్నాను.

ఎండు సరస్సు తెల్లగా మండిపోతోంది. వ్యాను తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బ్యాటరీ చచ్చి వారమైందని తర్వాత తెలిసింది. ఆంబ్రోస్ వ్యాను కింద నీడలో పడుకుని ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి. పక్కన పికిల్, నాలుక బయటపెట్టి. డెల్బర్ట్ మోకాళ్ల మీద పాకుతూ కిందికి దూరి నీళ్ల సీసా ఆయన నోటికి పెట్టబోయాడు.

"ముందు దానికి," అన్నాడు ఆంబ్రోస్.

"మీకు తాగించాక..."

"ముందు దానికయ్యా!"

డెల్బర్ట్ కుక్కకి తాగించాడు. తర్వాత ఆయనకి. కుక్కని ఎత్తుకోబోతే వాడి ముంజేతిని కరిచి పట్టుకుంది. మా తమ్ముడు వేలికి ముల్లు గుచ్చుకుంటే పక్క ఊరికి వినిపించేలా అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. రక్తం కారుతుంటే అలాగే దాన్ని మోసుకెళ్లి ట్రక్కులో నా ఒళ్లో పడుకోబెట్టాడు. ఆంబ్రోస్‌ని భుజం మీద వేసుకున్నాడు. ఫోన్ కలిసే చోటికి వచ్చాక అంబులెన్సుని పిలిచాం. వాళ్లు ఎదురొచ్చి సెలైన్ ఎక్కించారు. ఆసుపత్రికి రమ్మంటే, కుక్కని రానిస్తే వస్తానన్నాడాయన. కుక్కని రానివ్వడం కుదరదన్నారు. చివరికి డెల్బర్ట్ తన మంచం మీదే పడుకోబెట్టి కూలర్ ఆయన వైపు తిప్పాడు. తను కార్పెట్ చుట్ట పరుచుకుని నేల మీద పడుకున్నాడు.

కొన్నాళ్లు నేను రెండు పూటలా గంజి, చారు పట్టుకెళ్లాను. ఒకరోజు గిన్నె పెడుతుంటే, ఆంబ్రోస్ మంచం పక్కన డెల్బర్ట్ తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆ ఫిర్యాదు నేనే చేశానండీ," అన్నాడు.

"తెలుసు," అన్నాడు ఆంబ్రోస్.

"ఎలా?"

"ఆ అమ్మాయి నాక్కూడా చదివి వినిపించింది." ఆంబ్రోస్ గంజి కొంచెం తాగి మొహం చిట్లించాడు. "డెల్బర్ట్, నువ్వు మంచివాడివి కావు. నీ కూలర్ మంచిది. ఇందులో ఉప్పెవరు వేశారు?"

ఉప్పు వేసింది నేనే. చచ్చిబతికిన మనిషి అని ఊరుకున్నాను.

ఇక్కడితో ఆపితే నా తమ్ముడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పినట్టు ఉండేది. కానీ వాడు ఆపనివ్వలేదు. అక్టోబర్లో ఆర్టిస్టులు తిరిగొచ్చారు, మెడలో రాయి తిరిగొచ్చింది, టోపీ తిరిగొచ్చింది, నోరు తిరిగొచ్చింది. తూర్పు ట్రైలర్‌ని ఆంబ్రోస్‌కి పూర్తిగా ఇచ్చేశాడు, అది ఒప్పుకోవాలి. ఇచ్చి ఊరుకోవచ్చు గదా! ట్రైలర్ ముందు ఒక పలక పెట్టాడు, "శాశ్వత నివాస కళాకారుడు" అని. టౌన్ పేపరు అమ్మాయి వస్తే, "ఆతిథ్యానికి గడువు ఉండకూడదనేది మొదట్నుంచీ మా ఆలోచన," అన్నాడు. నేను అక్కడే రొట్టెలు కోస్తున్నాను. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "మీరేమంటారు?" అంది.

"కత్తి చేతిలో ఉండగా నన్నేమీ అడగొద్దమ్మా," అన్నాను.

శనివారాలు మళ్లీ పందిరి కిందకి వచ్చాయి. ఆంబ్రోస్ అక్కడ ఉన్నాడు కాబట్టి వచ్చాయి, డెల్బర్ట్ చేతులు చాచాడు కాబట్టి కాదు. వాడు మాత్రం చేతులు చాస్తూనే ఉన్నాడు.

తర్వాతి వేసవికి వాడికి ఇంకో ఆలోచన వచ్చింది. ఎక్కణ్ణుంచో దుకాణాల్లో వాడే పెద్ద కూలర్లు రెండు తెచ్చి, నాన్న గదికి ఒక పెద్ద గది కలిపి, వేసవంతా తలుపు తీసే ఉంచుతానన్నాడు. ఇంట్లో కూలర్ పాడైనవాళ్లు, వ్యానుల్లో ఉండేవాళ్లు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అందులో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. రెండు రోజులు వెతికాను. మూడో రోజు వాడే ఒక తప్పు అందించాడు. ఆ గదికి "చల్లదనంలో సహజీవనం: ఒక సామూహిక ప్రయోగం" అని పేరు పెట్టాడు. హోయ్ట్ చదివి, "ప్రయోగం ఎవరి మీద?" అన్నాడు. అన్నాడు గానీ లోపలికెళ్లి పేకముక్కలు తీశాడు. హైవే మీద టైర్ల షాపతను వచ్చాడు. ఎండు సరస్సు వైపు వ్యానుల్లో ఉండే ముగ్గురు వచ్చారు. ఆంబ్రోస్ మూల కూర్చుని వాళ్ల కుక్కల బొమ్మలు వేస్తున్నాడు. పికిల్ తడి నేల మీద కాళ్లు నాలుగూ చాపుకుని నిద్రపోతోంది.

జులై మొదటి వారంలో నా కూలర్ మోటారు కాలిపోయింది. హోయ్ట్ విప్పి చూసి, కొత్తది తెప్పించాల్సిందేనన్నాడు. ఇంట్లో రొట్టె పెనం మీద పెట్టకుండానే కాలేట్టుంది.

కాబట్టి ఇప్పుడు నేనూ వెళ్తున్నాను. పొద్దున్న పనయ్యాక కుట్టుపని పట్టుకుని వెళ్లి, సాయంత్రం దాకా ఉండి వస్తున్నాను. డెల్బర్ట్ ప్రతిరోజూ గుమ్మంలో నిలబడి, "స్వాగతం అక్కా, ఈ చోటు నీది," అంటాడు. "అడ్డు తప్పుకోరా," అని లోపలికి పోతాను. అక్కడ చల్లగా ఉంటుంది. అంతకుమించి నేనేమీ ఒప్పుకోను.